అంతరా ఇంజెక్షన్, కాపర్-టీ, వాటికి ముందు అడిగిన ఒక ప్రశ్న: మా వైపు సర్కారు ఆసుపత్రి కుటుంబ నియంత్రణ గది మీద నా రివ్యూ

ఇది ప్రకాశం జిల్లాలో ఒక సర్కారు ఆసుపత్రిలో ఉన్న కుటుంబ నియంత్రణ సలహా గది గురించి. ఆసుపత్రి పేరు రాయడం లేదు. రాస్తే నాకు సాయం చేసిన సిస్టర్ ఎవరో మా వైపు వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది, నేనెవరో కూడా తెలిసిపోతుంది. 5కి 4 మార్కులు వేస్తున్నాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తీశానో కింద చెప్తాను. అంతకంటే ముందు నేను అక్కడికి ఎట్లా చేరానో చెప్పాలి, ఎందుకంటే ఆ గదిలో నాకు నచ్చిందల్లా దానితోనే ముడిపడి ఉంది.

నాకు ఇద్దరు ఆడపిల్లలు. రెండోది అనుకుని కన్నది కాదు. పెద్దపాపకు అప్పుడు తొమ్మిదో నెల, పాలు తాగుతోంది, నాకింకా ముట్టు మొదలవలేదు, పాలిచ్చేదానికి కడుపు ఎట్లా వస్తుందని మా అమ్మ, మా అత్త ఇద్దరిదీ ఒకటే మాట. నేనూ నమ్మాను. వాంతులు పట్టుకున్నాక అనుమానం వచ్చి చూపించుకుంటే అప్పటికే మూడో నెల. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదని చాలా కాలం తర్వాత ఆ గదిలోనే తెలిసింది. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా ఉండాలి, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప ఇంకేదీ, మంచినీళ్లు కూడా పట్టకుండా ఉండాలి, తల్లికి ముట్టు మళ్లీ మొదలవకుండా ఉండాలి, ఈ మూడూ కలిసి ఉన్నన్నాళ్లే అది పనిచేస్తుందంట. మా పాపకు ఆరో నెలలో అన్నప్రాశన చేసి ఉగ్గు మొదలుపెట్టాం. అంటే మూడు నెలలుగా నాకు ఏ రక్షణా లేదు, ఆ సంగతి చెప్పిన మనిషీ లేరు.

సరే, కన్నాం. పిల్ల బంగారం లాంటిది, దాని గురించి నాకు ఒక్క క్షణం కూడా బాధ లేదు. కానీ పద్దెనిమిది నెలల తేడాలో రెండు కాన్పులంటే ఒంట్లో ఏమీ మిగల్లేదు. రెండో కాన్పు అయిన మర్నాడే వార్డులో అడిగారు, ఆపరేషన్ చేయించుకుంటావా అని. ఇద్దరూ ఆడపిల్లలే కాబట్టి మా అత్త వద్దంది. నేను కూడా వద్దన్నాను, కానీ నా కారణం వేరు, నాకప్పటికి ఇరవై మూడేళ్లు, అంత పెద్ద నిర్ణయం పచ్చి బాలింతగా మంచం మీద పడుకుని తీసుకోలేకపోయాను. వద్దనగానే వాళ్లు వేరే మంచం దగ్గరకు వెళ్లిపోయారు. ఆపరేషన్ వద్దంటే ఇంకేం కావాలని ఎవరూ అడగలేదు.

ఇది మా ఒక్క ఊరి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రాలో పెళ్లైన ఆడవాళ్లలో సుమారు 70 శాతం మందికి ఆపరేషన్ అయి ఉందని తేలింది. మాత్రలు, లూపు, ఇంజెక్షన్, నిరోధ్ అన్నీ కలిపినా లెక్కలో కనపడనంత తక్కువ. మగవాళ్ల ఆపరేషన్ అయితే నూటికి ఒక్కటి కూడా లేదు. మా చిన్నత్త కూతురు ఇరవై రెండేళ్లకు చేయించుకుంది, హాయిగా ఉంది, ఆమె విషయంలో అది సరైన నిర్ణయమే. నేననేది ఆపరేషన్ తప్పని కాదు. పెళ్లికీ ఆపరేషన్‌కీ మధ్య ఉన్న ఏళ్లలో ఏం వాడాలో మా వైపు ఆడపిల్లలకు చెప్పేవాళ్లు లేరు, అనుకోని కడుపులన్నీ ఆ ఏళ్లలోనే వస్తున్నాయి.

పాప పాలు మానాక ఆశా అక్క మాలా-ఎన్ అనే, కడుపు రాకుండా రోజూ వేసుకునే మాత్రలు తెచ్చిచ్చింది. ఉచితం. షీటుకి 28 మాత్రలు, అందులో 21 అసలు మందు, చివరి ఏడూ ఐరన్. రోజూ ఒకటి వేసుకోమంది, అంతవరకు బాగానే చెప్పింది. మా ఆయన లారీ నడుపుతారు. చీమకుర్తి నుంచి గ్రానైట్ బండలు ఎక్కించుకుని కృష్ణపట్నం పోర్టుకో, చెన్నైకో వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తారో తెలీదు, ఒక్కోసారి నాలుగు రోజులు, ఒక్కోసారి పది రోజులు. మనిషి ఇంట్లో లేనప్పుడు మాత్ర ఎందుకులే అనుకుని ఆయన వచ్చిన రోజుల్లో మాత్రమే వేసుకునేదాన్ని. ఇట్లా ఎంతమంది వేసుకుంటున్నారో మీ చుట్టుపక్కల అడిగి చూడండి. ఈ మాత్ర తలనొప్పి మాత్రలాగా ఆ పూటకు పనిచేసేది కాదు, రోజూ వేసుకుంటేనే అండం విడుదల కాకుండా ఆపుతుంది, మధ్యలో మానేసి మళ్లీ మొదలుపెడితే వేసుకున్నవి కూడా దండగ అవుతాయి. నాకు ఇది తెలిసేటప్పటికి మూడోసారి నెల తప్పింది.

అంతకుముందు ఇంకో తప్పు కూడా జరిగింది. ఒకసారి భయం వేసి మెడికల్ షాపులో, కలిసిన తర్వాత కడుపు రాకుండా వేసుకునే ఆ 72 గంటల మాత్ర కొనుక్కొచ్చాను. షాపతను న్యూస్ పేపర్లో చుట్టి, మొహం చూడకుండా చేతిలో పెట్టాడు. ఎప్పుడు వేసుకోవాలో, ఎన్ని గంటలు గడిచాయో ఒక్క ముక్క అడగలేదు. నేను వేసుకున్నది నాలుగో రోజు. అది ఎంత తొందరగా వేసుకుంటే అంత పనిచేస్తుంది, గంటలు గడిచేకొద్దీ పట్టు తగ్గిపోతుంది, అప్పటికే కడుపు నిలబడి ఉంటే దానివల్ల ఏమీ కాదు. ఇదే మాత్ర సర్కారు ఆసుపత్రిలో ఈజీ పిల్ అనే పేరుతో ఉచితంగా ఇస్తారు. ఇంకో సంగతి, కలిసిన అయిదు రోజుల్లోపు గర్భసంచిలో పెట్టే కాపర్-టీ వేయించుకుంటే అది ఆ మాత్ర కంటే గట్టిగా ఆపుతుంది, పైగా ఏళ్ల తరబడి పనికొస్తుంది. ఈ ఒక్క ముక్క ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఈ రివ్యూ రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

మూడోసారి నెల తప్పిందని తెలిసింది మొహర్రం రోజుల్లో. మా పెద్దాడబిడ్డకు పెళ్లై ఏడేళ్లు, పిల్లల్లేరు, ఆ ఏడు కూడా నెల్లూరు రొట్టెల పండగకు తీసుకెళ్లాం. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, సంతాన రొట్టె ఎవరిస్తారా అని ఆమె చెంగు పట్టుకుని చూస్తోంది. కోరిక తీరినవాళ్లు మరుసటేడు వచ్చి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. బిడ్డనెత్తుకున్న ఒకామె వచ్చి ఆమె చేతిలో రొట్టె పెట్టింది, వదిన ఏడ్చేసింది. పక్కనే ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని, మూడోది వద్దనుకుంటూ నేను నిలబడి ఉన్నాను. ఆ రోజు నా మనసు పడ్డ బాధ ఎవరికీ చెప్పలేదు. ఒక ఇంట్లోనే ఇద్దరు ఆడవాళ్ల అవసరాలు అంత వేరుగా ఉండొచ్చు, ఇద్దరివీ నిజమే అని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అక్కడి నుంచి వచ్చాక ముందు ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లాను, పేరు అనవసరం. భర్త సంతకం ఉంటేనే చూస్తామన్నారు. ఆయన పోర్టు దగ్గర అన్‌లోడింగ్ క్యూలో ఉన్నారు, మూడు రోజులదాకా రాలేరు. ఇది చదివే ప్రతి ఆడమనిషికీ తెలియాలి: పద్దెనిమిదేళ్లు నిండిన మనిషికి అబార్షన్ చేయడానికి చట్టం అడిగేది ఆమె సమ్మతి ఒక్కటే. భర్త సంతకం, అత్త సంతకం, ఎవరి సంతకమూ అక్కర్లేదు. 1971 చట్టాన్ని 2021లో మార్చారు, 20 వారాల దాకా ఒక డాక్టరు సరేనంటే చాలు, వాడిన సాధనం పనిచేయక కడుపొస్తే చట్టానికి ఆ ఒక్క కారణమే చాలు, ఇంకోటి చూపించక్కర్లేదు, పెళ్లైందా లేదా అన్నది కూడా అడ్డు రాదు. పేరు, వివరాలు బయటపెట్టకూడదని కూడా చట్టంలోనే ఉంది. ఇవేవీ నాకప్పుడు తెలీదు కాబట్టి తల దించుకుని బయటికొచ్చేశాను.

తర్వాత మెడికల్ షాపుకే పోయి అబార్షన్ మాత్రల కిట్టు కొనేద్దామనుకున్నా. చీటీ లేకుండానే ఇచ్చేవాళ్లు ఉన్నారు. మా పక్కింటి అక్క ఆపింది. ఆమె అట్లాగే కొనుక్కుని ఇంట్లో వేసుకుంటే పదకొండు రోజులు రక్తం పోతూనే ఉంది, లోపల ముక్క మిగిలిపోయిందంట, చివరికి ఒంగోలు తీసుకెళ్లి రక్తం ఎక్కించి క్లీన్ చేయించాల్సి వచ్చింది. మన దేశంలో 2015లో కోటీ 56 లక్షల అబార్షన్లు జరిగాయనీ, నూటికి 73 ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలతో అయినవేననీ లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో అంచనా వేశారు. ఆ లెక్కలో మా పక్కింటి అక్క లాంటివాళ్లు ఎందరో. ఆ మాత్రలు మంచివే, కానీ ఎన్ని వారాలో తెలియాలి, కడుపు గర్భసంచిలోనే ఉందా ట్యూబులో ఉందా తేలాలి, మళ్లీ చూపించుకోవాలి. అక్క నన్ను చెయ్యి పట్టుకుని ఈ సర్కారు ఆసుపత్రికి తీసుకొచ్చింది.

ఇక అసలు రివ్యూ.

స్కానింగ్ చేస్తే ఏడో వారం. డాక్టరమ్మ నా ఒక్కదాని సంతకమే తీసుకుంది. మొదటి మాత్ర ఆమె ఎదురుగానే వేయించింది, మూడో రోజు రెండో విడత మాత్రలకు రమ్మంది. అవి వేసుకున్నాక నాలుగు గంటలు అక్కడే ఉండాలి, ఎట్లా ఉంటుందో చూస్తారు. ఆ నాలుగు గంటల్లోనే కుటుంబ నియంత్రణ గది సిస్టర్ వచ్చి నా మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. యాభై దాటిన మనిషి. నేను తిట్లు తినడానికి సిద్ధపడి ఉన్నా, ఇద్దరు పిల్లలున్నారు బుద్ధి లేదా అంటుందని.

ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఇంతకుముందు ఏం వాడేదానివమ్మా? అది యాడ తప్పింది?"

ఎవరూ అడగని ప్రశ్న అది. రెండు అనుకోని కడుపులు వచ్చాక కూడా ఇంట్లోగానీ, క్లినిక్‌లోగానీ, వార్డులోగానీ ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు, అందరూ ఇకనైనా జాగ్రత్తగా ఉండు అన్నవాళ్లే. నేను చెప్పుకుంటూ పోయాను, పాలిచ్చేటప్పటి సంగతి, లారీ సంగతి, నాలుగో రోజు మాత్ర సంగతి. ఆమె మధ్యలో ఆపకుండా విని, నీ మాత్ర తప్పలేదమ్మా, నీ ఇంటి పద్ధతికి ఆ మాత్ర సరిపోలేదు, రోజూ గుర్తుపెట్టుకునేది నీకొద్దు, ఒకసారి వేయించుకుంటే మర్చిపోయినా పనిచేసేది చూద్దాం అంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతదాకా నేనే చేతకానిదాన్ని అనుకుంటున్నాను.

తర్వాత ఆమె లెక్క చెప్పింది, నూరు మంది ఆడవాళ్లు ఏడాదిపాటు మామూలుగా, అంటే అప్పుడప్పుడు మర్చిపోతూ వాడితే ఎంతమందికి కడుపొస్తుందని. ఏమీ వాడకపోతే 85 మందికి. మగమనిషి చివర్లో జాగ్రత్తపడటం మీద ఆధారపడితే 20 మందికి. నిరోధ్ అయితే 13, రోజువారీ మాత్రలు 7, మూడు నెలల ఇంజెక్షన్ 4. కాపర్-టీ అయితే ఒక్కరికి కూడా తక్కువే, ఆడవాళ్ల ఆపరేషన్ కూడా దాదాపు అంతే. ఆ అంకెలు విన్నాక నాకు ఒకటి అర్థమైంది, మనిషి చేతిలో రోజూ పని ఉన్న సాధనాలే ఎక్కువ తప్పుతున్నాయి. ఆడవాళ్లు అజాగ్రత్త మనుషులై కాదు. పిల్లలు, వంట, పొలం పని, జ్వరాలు, ఊర్లు తిరగడం వీటన్నిటి మధ్య ఎవరికైనా ఒక పూట తప్పుతుంది.

ఇంకో మాట కూడా అప్పుడే చెప్పింది. అబార్షన్ తర్వాత నెలా రెండు నెలలు ఏమీ కాదులే అనుకుంటారు కానీ పదిరోజుల్లోనే మళ్లీ అండం విడుదల కావచ్చంట. అందుకే ఆ రోజే ఏదో ఒకటి మొదలుపెట్టాలి. నిర్ణయం మాత్రం నాదే అంది, ఆపరేషన్ అని ఒక్కసారి కూడా ఒత్తిడి పెట్టలేదు. కాపర్-టీ అంటే నాకు అప్పుడు భయం, అది గుండెకు ఎక్కుతుందని మా అత్త చెప్పి ఉంది. కాబట్టి అంతరా ఇంజెక్షన్ ఎంచుకున్నాను, ఆ రోజే చేశారు.

అంతరా గురించి నా అనుభవం: ఇది 2017 నుంచి సర్కారు ఇస్తున్నది, మూడు నెలలకొకసారి, పూర్తిగా ఉచితం. చేసినచోట రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. ఒక కార్డు ఇచ్చి తర్వాతి తేదీ రాసిస్తారు. ఎవరికీ కనపడదు, ఇంట్లో షీటు దాచుకునే పని లేదు, అత్తకు తెలియకుండా వాడాలనుకునేవాళ్లకు దీన్ని మించింది లేదు. మొదటి మూడు నెలలూ చుక్కలు చుక్కలుగా కనపడుతూనే ఉంది, చిరాకు వచ్చింది కానీ ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. రెండో డోసు తర్వాత ముట్టు పూర్తిగా ఆగిపోయింది. అది కూడా ముందే చెప్పారు, మందు వల్లే ఆగుతుంది, లోపల చెడు రక్తం నిల్వ ఉండదు, మానేస్తే మళ్లీ వస్తుందని. మళ్లీ పిల్లలు కావాలనుకుంటే మాత్రం ఆఖరి ఇంజెక్షన్ తర్వాత ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చని కూడా చెప్పారు.

కానీ ఇక్కడే నాకు తేడా కొట్టింది, దీన్ని కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నాలాంటివాళ్లకు ఇది ముఖ్యం. రెండుసార్లు అనుకోకుండా నెల తప్పి జీవితం తలకిందులైనదానికి నెల రాకపోవడం అంటే ఏమిటో ఊహించండి. ఇంజెక్షన్ పనిచేస్తోందని బుద్ధికి తెలుసు. అయినా ఇరవై ఎనిమిదో రోజు దాటితే ఒంట్లో వణుకు. రెండు నెలల్లో మూడుసార్లు కడుపు పరీక్ష కిట్టు కొని ఇంట్లోనే చూసుకున్నాను, మూడుసార్లూ ఒక్క గీతే, అయినా వారం తిరక్కముందే మళ్లీ అదే టెన్షన్. రాత్రిళ్లు నిద్ర లేదు. మందులో ఏ లోపం లేదు, అది తన పని తాను చేసింది, నా మనసే తట్టుకోలేకపోయింది.

మూడో డోసు తేదీకి వెళ్లి సిస్టర్‌తో చెప్పాను, మార్చేస్తారా అని. ఇక్కడ ఆ గదికి నేను నిండా మార్కులిస్తాను. మొన్నేగా నువ్వే అడిగి వేయించుకున్నావు అనలేదు. "ప్రతి నెలా ముట్టు కనపడితే నీకు ధైర్యంగా ఉంటుందా?" అని అడిగింది. అవునన్నాను. అయితే నీకు కాపర్-టీ మంచిది, అందులో హార్మోన్లు లేవు, నెల నెలా వస్తుంది, కాకపోతే మొదట్లో ఎక్కువగా వస్తుంది, ఓర్చుకోగలవా అంది. నా భయం ఏమిటో తెలుసుకుని దానికి తగ్గ సాధనం చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.

గుండెకు ఎక్కుతుందనే మాటకు ఆమె ప్లాస్టిక్ గర్భసంచి బొమ్మ తెచ్చి చూపించింది. ఆ సంచికి పైకి పోయే దారి గుండెదాకా లేదు, కింద నోరు ఒక్కటి ఉంది, జారితే కిందికే జారుతుంది. అందుకే కాపర్-టీ చివర ఉండే దారం ఉందో లేదో ముట్టు అయ్యాక ఒకసారి చూసుకోమంటారు. ఆ రోజు హిమోగ్లోబిన్ చూస్తే 10.2, ఐరన్ మాత్రలు రాసి, అవి వేసుకుంటేనే వేస్తానంది డాక్టరమ్మ. కడుపు లేదని పరీక్ష చేసుకున్నాకే వేశారు. పని పది నిమిషాలు కూడా పట్టలేదు. నొప్పి లేదని అబద్ధం చెప్పను, వేసేటప్పుడు ముట్టు నొప్పికి రెండింతలు పట్టి లాగినట్టైంది, అరగంట పడుకోబెట్టి మాత్ర ఇచ్చి పంపారు, సాయంత్రానికి బస్సెక్కి ఇంటికొచ్చి వంట చేశాను.

మొదటి మూడు నెలలు రక్తం బాగా పోయింది, ఏడు రోజులు, ఒక నెల ఎనిమిది రోజులు. ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు పద్నాలుగో నెల, అయిదు రోజుల్లో అయిపోతోంది. దారం గుచ్చుకుంటోందని మా ఆయన ఒకసారి అంటే, సిగ్గుపడకుండా వెళ్లి చెప్పాను, దారం కొంచెం కత్తిరించారు, అంతే. నాకు వేసింది 380ఎ రకం, పదేళ్లు పనిచేస్తుంది, అయిదేళ్ల రకం కూడా ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు, తీసిన నెల నుంచే కడుపు రావచ్చు. ప్రతి నెలా ముట్టు వచ్చిన రోజు నాకు పండగలాగా ఉంటుంది.

అందరికీ ఇదే సరిపోతుందని చెప్పను. మా పక్కింటి అక్కకు కాపర్-టీ అంటే ఒప్పుకోలేదు, ముందే ముట్టు ఎక్కువ ఆమెకు. అదే గదిలో ఆమెకు ఛాయా మాత్రలు ఇచ్చారు. ఇవి మన దేశంలోనే, లక్నోలోని సెంట్రల్ డ్రగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన మందు, హార్మోన్ మాత్రలు కావు. మొదటి మూడు నెలలూ వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటే. ఆమె ముట్టు మొదటి రోజు ఆదివారమైంది కాబట్టి ఆదివారం, బుధవారం పెట్టుకుంది. మూడు నెలలయ్యాక ఆదివారం ఒక్కటే, కూర వండేముందు మాత్ర వేసుకోవడం అలవాటైపోయింది, ఒక్కసారి కూడా మర్చిపోలేదు. పాలిచ్చే తల్లులు కూడా వేసుకోవచ్చు. ముట్టు ఆలస్యమవుతుంది, ఆమెకది ఇబ్బంది అనిపించలేదు, పైగా రక్తం తగ్గినందుకు సంతోషం. నాకైతే అదీ భయమే అయ్యేది. కామెర్లు, కాలేయ జబ్బు, పీసీఓడీ అనే అండాశయాల సమస్య ఉన్నవాళ్లకు ఛాయా ఇవ్వరు, ముందే అడుగుతారు. టీబీ మందులు వాడుతున్నవాళ్లు మాలా-ఎన్ లాంటి మాత్రలు వాడేముందు తప్పకుండా చెప్పాలి, ఆ మందులు మాత్ర పట్టును తగ్గించేస్తాయి.

మా ఆయన్ని కూడా ఒకసారి తీసుకురమ్మంది సిస్టర్. వచ్చారు, నాకు ఆశ్చర్యమే. మగవాళ్ల ఆపరేషన్ గురించి చెప్పింది, కత్తి కోత, కుట్లు ఉండవు, పది పదిహేను నిమిషాలు, ఆ రోజే ఇంటికి, మగతనానికీ బలానికీ ఏమీ కాదు, కాకపోతే చేయించుకున్న వెంటనే పనిచేయదు, మూడు నెలలు నిరోధ్ వాడి ఆ తర్వాత పరీక్ష చేయించుకోవాలని. లారీ ఎక్కి దిగే పని, బలం పోతుందేమో అని ఆయన రెండుసార్లు అడిగారు, ఆమె రెండుసార్లూ ఓపికగా చెప్పింది. ఇంటికొచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. ఇప్పటికీ నిర్ణయం తీసుకోలేదు. కానీ ఆ రోజు తర్వాత నా కాపర్-టీ చెకప్‌కి తేదీ ఆయనే గుర్తుచేస్తున్నారు.

ఇప్పుడు ఆ తీసేసిన మార్కు. గదికి తలుపు ఉంది కానీ అది మూయరు, పరదా ఒక్కటే, అది కూడా సగం. పక్కనే బాలింతల టీకాల క్యూ, ఒకామె తన భర్త గురించి చెప్పుకునేది క్యూలో ఉన్నవాళ్లందరికీ వినపడుతుంది. ఊరివాళ్లు కనపడతారేమో అని కొంగు తలమీద కప్పుకుని కూర్చున్నవాళ్లను నేను చూశాను. పెళ్లికాని ఆడపిల్ల అక్కడికి ఎట్లా వస్తుంది? ఇది సరిచేయడానికి డబ్బులేమీ అక్కర్లేదు, తలుపు మూస్తే చాలు. రెండోది, కాపర్-టీ వేసే డాక్టరమ్మ వారానికి రెండు రోజులే ఉంటుంది, పొదిలి అవతల ఊళ్ల నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాళ్లు తెలియక వచ్చి వెనక్కి పోతున్నారు. మూడోది, నాతో వచ్చిన ఒకామెకు ఆ రోజు అంతరా స్టాకు లేదని నిరోధ్ ఇచ్చి వారం తర్వాత రమ్మన్నారు. మళ్లీ రావడమంటే ఆమెకు ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ పోతాయి. ఇంజెక్షన్ తేదీ ఒకటి రెండు వారాలు అటూ ఇటూ అయినా ఫరవాలేదు కాబట్టి ఆమెకు ప్రమాదం జరగలేదు, కానీ ఆ సంగతి ఆమెకు చెప్పలేదు, ఆమె ఆ వారమంతా భయపడుతూ గడిపింది.

వెళ్లేవాళ్లకు: ఉదయం తొమ్మిదిన్నరకల్లా వెళ్లండి, ఓపీ చీటీ తీసుకోండి, ముట్టు ఆఖరిసారి ఎప్పుడు వచ్చిందో తేదీ గుర్తుపెట్టుకుని వెళ్లండి. బీపీ, తీవ్రమైన తలనొప్పి, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే దాచకుండా చెప్పండి, మాలా-ఎన్ ఇవ్వాలా వద్దా అనేది దానిమీదే ఉంటుంది. అంతకుముందు వాడింది ఎందుకు తప్పిందో నిజం చెప్పండి. నేను మాత్రలు రోజూ వేసుకున్నానని అబద్ధం చెప్పి ఉంటే మళ్లీ అదే షీటు చేతిలో పెట్టి పంపేవాళ్లు. అక్కడ సిస్టర్ అడక్కపోతే మీరే మొదలుపెట్టండి, ఇది వాడాను, ఇక్కడ తప్పింది, నాకు ఇదంటే భయం అని.

వచ్చే నెల మా చెల్లెలికి రెండో కాన్పు, మొదటిదానికీ దీనికీ ఏడాదే తేడా, అది కూడా అనుకోనిదే. కాన్పైన 48 గంటల్లోపు కాపర్-టీ వేస్తారు, లేదంటే ఆరు వారాలు ఆగాలి. నొప్పులు మొదలయ్యాక అడిగితే ఎవరికీ ఏమీ ఎక్కదు కాబట్టి ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఈ మంగళవారం దాన్ని తీసుకుని ఆ గదికే వెళ్తున్నాను, సిస్టర్ ఉంటుందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాను, ఉంటానంది.